డబ్బు కట్టినాయన పేరు

రత్నరాజు చీరలు విప్పి పరుస్తూనే ఉన్నాడు, సలోమి వద్దని చెబుతూనే ఉంది, ఇద్దరిలో ఒక్కరూ తగ్గడం లేదు. చీరాల షోరూంలో ఇరవై రెండేళ్ళు కూర్చున్నట్టే తెల్లటి పరుపు మీద బాసింపట్టు వేసుకుని, వెనక అరల్లోంచి ఒక్కో చీరా లాగి, ఒక్క విసురుతో గాలిలోకి విప్పి ఆమె ఒడిలో పడేస్తున్నాడు, అది పూర్తిగా వాలకముందే ఇంకొకటి అందుకుంటున్నాడు. "అంచు చూడు, దీని అంచు చూసి మాట్లాడు," అంటున్నాడు, ఎదురుగా ఉన్నది పెళ్ళాం కాదు, బేరానికొచ్చిన పరాయి మనిషి అన్నట్టు. చీరలు ఆమె మోకాళ్ళు దాటి నడుము దాకా వచ్చేశాయి, లేద్దామంటే కాళ్ళు ఎక్కడున్నాయో తెలియడం లేదు. ఇతను చనిపోయి ఏడాది కావస్తోందని ఆమెకు తెలుసు. తెలిసినా అందులో వింతేమీ తోచడం లేదు, పోయినవాళ్ళకి మాత్రం పొద్దు పోవద్దా అనుకుంటోంది.

"నేను చీరకి రాలేదండీ. మీకో మాట చెప్పాలి."

"చెబుదువుగానిలే. ముందు ఈ నెమలికంఠం రంగు చూడు."

"మంగళవారం లోపు చెప్పాలి. బ్లెస్సీకి ఆపరేషను మంగళవారం."

"ఏ బ్లెస్సీ?"

"కెజియా కూతురండీ. మన మోహన్ కూతురు."

ఆ పేరు వినగానే అతని చెయ్యి గాలిలో ఆగిపోతుంది. మోహన్, కెజియా సలోమి వాళ్ళ వీధిలోనే నాలుగిళ్ళ అవతల ఉంటారు, అందరిదీ ఒకటే చర్చి సంఘం, రత్నరాజంటే మోహన్‌కి ప్రాణం, అన్నా అన్నా అంటూ వెనకే తిరిగేవాడు. వాళ్ళ పిల్లకి ఎనిమిదేళ్ళు. మూత్రపిండం దగ్గర పుట్టుకతోనే ఏదో అడ్డం ఉందని, ఇంకా ఆలస్యం చేస్తే ఆ మూత్రపిండమే పోతుందని గుంటూరు డాక్టరు చెప్పి, మంగళవారానికి రోజు పెట్టాడు. డబ్బు కడితేనే ఆ రోజు వాళ్ళది. ఇదంతా చెప్పాలని సలోమి నోరు తెరుస్తుంది, తెరిచేసరికి కింద పరుపు లేదు, మందిరంలో చాపలున్నాయి, ఒడిలోని చీరలన్నీ ఎప్పుడు లేచి మనుషులయ్యాయో గానీ ముందూ వెనకా పక్కలా ఆడవాళ్ళు భుజాలు ఒరుసుకుంటూ కూర్చుని ఉన్నారు, వాళ్ళ మధ్య ఆమె కదలడానికి లేకుండా ఇరుక్కుని ఉంది, రత్నరాజు మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంటున్నాడు. దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పబోతున్నాడు.

"నాలుగు క్రెడిట్ కార్డులండీ మాకు," అని మొదలుపెడతాడు, చీర అమ్మేటంత హుషారుగా. "ఒకటో తారీకు వచ్చిన జీతం రెండో తారీకుకి కనబడదు. ఒక కార్డులో తీసి ఇంకో కార్డులో కట్టేవాణ్ణి, అదేందో పెద్ద తెలివి అనుకునేవాణ్ణి. ఫోను మోగితే చాలు, నేనూ మా సలోమీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళం. ఫ్రిజ్జు కొత్తది, టీవీ కొత్తది, నిద్ర మాత్రం లేదు. ఆఖరికి మూడేళ్ళు కడుపు కట్టుకుని బాకీలన్నీ తీర్చి, గుడ్ ఫ్రైడే నాడు సంఘం ముందు నిలబడి, పాస్టరమ్మగారి కుట్టుమిషను కత్తెరతో నాలుగు కార్డులూ కత్తిరించేశాం. నేను రెండు, మా సలోమి రెండు. ఇక మనిషి దగ్గర అప్పు చెయ్యం, ఏది కావాలన్నా దేవుణ్ణే అడుగుతాం అని మాటిచ్చాం."

"స్తోత్రం," అంటాయి చాపలన్నీ.

సలోమి ఎప్పుడూ తల దించుకునేది ఇక్కడే. ఆమె కత్తిరించిన రెండిట్లో ఒకటి గడువు తీరిపోయిన పాత కార్డు. దాని బదులు బ్యాంకువాళ్ళు పంపిన కొత్తది, అదే రంగు, అదే బొమ్మ, ఆ రోజు ఇంట్లో బియ్యం డబ్బా అడుగున ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంది. ఏదో కొనుక్కోవాలని దాచుకోలేదు పాపం, ఆమెకంత సరదాలూ లేవు. దేవుడి మీద నమ్మకం లేక కూడా కాదు, ఆయన వస్తాడనే ఆమె నమ్మింది, వచ్చేసరికి ఆలస్యమైతేనో అని భయపడింది. కళ్ళు మూసుకుని కత్తెర నొక్కుతుంటే సంఘమంతా అది భక్తి అనుకుంది.

"ఏడాది తిరక్కముందే నాకు కడుపులో పేగు మెలిపడింది," అంటున్నాడు రత్నరాజు, గొంతు కాస్త తగ్గించి. ఎక్కడ తగ్గించాలో అతనికి బాగా తెలుసు. "సర్కారు వైద్య పథకానికి మాకు తెల్ల రేషన్ కార్డు లేదు. డబ్బు కడితేనే లోపలికి తీసుకెళ్తామన్నారు. మా బావమరిది అప్పు తెస్తానన్నాడు, నేను వద్దన్నాను. చస్తే చస్తాను గానీ మాట తప్పను అన్నాను. మధ్యాహ్నం మూడింటికండీ, ఎవరో ఒకాయన కౌంటర్లో మొత్తం కట్టేసి పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు! ఎవరండీ ఆయన? ఎవరు పంపితే వచ్చాడండీ?"

మందిరం మారుమోగిపోతోంది. సలోమి చెవుల్లో మాత్రం కౌంటర్లో ఆ చిన్న మిషను చేసిన చప్పుడే వినబడుతోంది. ఆ రోజు మూడింటికి కట్టింది ఆమే. తన తమ్ముడితో మాట్లాడి వస్తానని చెప్పి ఆటోలో ఇంటికొచ్చి, బియ్యంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కార్డు తీసి, వెళ్ళి కట్టింది. మర్నాడు అతనికి తెలివి వచ్చి "ఎవరు కట్టారే?" అని అడిగితే, నిజం చెబితే ఈ మనిషి కుట్లు తెంచుకుని లేచిపోతాడని భయపడి "ఎవరో కట్టారండీ, పేరు చెప్పలేదంట," అంది. రెండు రోజులాగి చెబుదామనుకుంది. రెండు రోజులాగేసరికి అతను వార్డంతా సాక్ష్యం చెప్పేశాడు, నెల తిరిగేసరికి పాస్టరుగారు పక్క ఊళ్ళకి కూడా తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. పద్నాలుగు సంఘాల్లో చెప్పాడు. తర్వాత ఒకరోజు షోరూంలోనే, చేతిలో చీర ఉండగానే గుండె ఆగి పోయాడు. ఆమె బ్లౌజులు కుట్టి, చీరలకి ఫాల్స్ కుట్టి, ఆ కార్డు బాకీ ఇప్పటికీ ఎవరికీ తెలియకుండా కడుతోంది.

"అక్కా," అని పక్కనుంచి ఎవరో మోచేత్తో పొడుస్తారు. కెజియా. ఒళ్ళో బ్లెస్సీ నిద్రపోతోంది, పిల్ల అంత బరువు ఎలా పెరిగిందో, వాళ్ళిద్దరి బరువూ సలోమి తొడ మీదే ఉంది. "అక్కా, మీకు డబ్బు ఎన్నింటికి వచ్చింది?"

ఇది కలలో పుట్టిన మాట కాదు. ఈ పొద్దున ఆరాధన అయ్యాక చెప్పులేసుకుంటూ కెజియా నిజంగా అడిగింది. మోహన్ పనిచేసే రొయ్యల కంపెనీ యజమాని డబ్బు ఇస్తాను, జీతంలో నెలనెలా కోసుకుంటాను అన్నాడు. మోహన్ వద్దన్నాడు. పోయినేడు రత్నరాజు సాక్ష్యం విన్నాక వాళ్ళూ కార్డులు కత్తిరించారు, మాటిచ్చారు. పిల్ల సంగతి తెలిసిన దగ్గర్నుంచీ భార్యాభర్తలు ఉపవాసముంటూ, ఎవరో ఒకరు వస్తారని గుమ్మం వైపు చూస్తున్నారు. ఎన్నింటికి అని అడిగినప్పుడు కెజియా మొహంలో అనుమానమేమీ లేదు, బస్సు ఎన్నింటికి వస్తుందో తెలుసుకుంటే దానికి తగ్గట్టు తయారుగా ఉందామన్నంత మామూలుగా అడిగింది. సలోమి "మూడింటికమ్మా," అంది, ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడుకుంది.

ఇప్పుడు కలలోనూ ఆ మాటే నోటిదాకా వస్తుంది. దాన్ని పళ్ళ మధ్య పట్టుకుని లేవబోతుంది. "సాక్ష్యం మధ్యలో లేవబాక సలోమీ, బాగుండదు," అని వెనక ఎవరో భుజం నొక్కుతారు, "నీ మొగుడి సాక్ష్యమేగా, కూర్చో," అని ముందున్నావిడ వెనక్కి జరుగుతుంది. నాలుగు దిక్కులా మోకాళ్ళు. ఒక చెయ్యి నేల మీద ఆనించి బలమంతా పెట్టి లేచి నిలబడేసరికి ఆమె రెండు ఇనప కమ్మీల మధ్య ఉంది, ముందు మనుషులు, వెనక మనుషులు, ఎక్కడో దూరంగా అద్దం వెనక ఆసుపత్రి కౌంటరు, వరస ముందుకూ పోదు, వెనక్కీ పోనివ్వదు.

రత్నరాజు ఆ వరస పక్కనే నడుస్తూ ఒక్కొక్కళ్ళనీ ఆపి అడుగుతున్నాడు. "అయ్యా, మీరేనా అండీ? చీరాలతనికి, పేగు ఆపరేషనుకి, మూడింటికి?" అతను ముందుకి వంగి మరీ అడుగుతుంటే వాళ్ళు కాదని తలలూపుతున్నారు. సలోమి దగ్గరికొచ్చి కమ్మీకి ఆనుకుని నుదుటి చెమట తుడుచుకుంటాడు.

"వచ్చిన రోజు నుంచీ ఇదే పని నాకు. ఇంత మేలు చేసినాయన ఇక్కడికే వచ్చుంటాడు గదా, దణ్ణం పెట్టుకుందామని చూస్తున్నా. తెల్లచొక్కా కనబడిన ప్రతివాణ్ణీ అడిగాను. ఒకాయన నేనే కట్టానన్నాడు, కాళ్ళ మీద పడబోయాను కూడా, తీరా చూస్తే ఆయన కట్టింది వాళ్ళింటి కరెంటు బిల్లు."

ఆమెకు నవ్వొస్తుంది, నవ్వు సగంలోనే ఏడుపైపోతుంది. "వెతకబాకండి. ఆయన ఇక్కడ దొరకడు."

"నీకెట్టా తెలుసు?"

"నేనే కట్టానండీ."

"నీ దగ్గరెక్కడిది?" అంటాడు తేలిగ్గా, ఇంకా ఆమె వెనకాలున్నవాళ్ళ చొక్కాలు చూస్తూనే.

ఆమె చెబుతుంది. కత్తెర, పాత కార్డు, బియ్యం డబ్బా, ఆటో, అన్నీ వరసగా చెబుతుంది. చెబుతున్నంతసేపూ కమ్మీలు దగ్గరకి జరుగుతున్నట్టు పక్కటెముకలకి తెలుస్తోంది. రత్నరాజు మొహం ముందు అర్థం కానట్టు ఉంటుంది, తర్వాత ఎర్రబడుతుంది.

"పద్నాలుగు సంఘాల్లో చెప్పాను సలోమీ!"

"తెలుసు. పద్నాలుగింటికీ మీ మందుల సంచి పట్టుకుని వెనకాలే వచ్చాను."

"నా నోటితో అబద్ధం చెప్పించావు."

"చెప్పించాను."

కోపం ఎక్కువసేపు నిలబెట్టుకోవడం బతికుండగానూ అతనికి చేతకాదు. కాసేపు కమ్మీ మీద గోటితో గీకి, మెల్లగా బుజ్జగింపులోకి దిగుతాడు. "ఒకవేళ దేవుడే నీచేత అది దాయించి నన్ను బతికించాడేమోనే. అట్టా కూడా అయ్యుండొచ్చు గదా. అప్పుడు నేను చెప్పింది అబద్ధం కాదు."

"అదీ అనుకున్నాను. చాలా రోజులు ఆ మాట పట్టుకునే నిద్రపోయాను. కట్టినందుకు నాకు బాధ లేదండీ, మీరు మళ్ళీ అట్టా పడిపోతే మళ్ళీ కడతాను. కట్టి, దేవుడు పంపిన మనిషెవరో కట్టాడని చెప్పాను చూడండి, అది నాకు మింగుడుపడటంలేదు. ఆయన్ని అడ్డం పెట్టుకుని దాక్కున్నాను."

వరసలో వాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. రత్నరాజు గొంతు తగ్గిస్తాడు. "వచ్చే ఆదివారం నా జ్ఞాపకార్థ కూడిక గదా?"

"ఆ. పాస్టరుగారు ఫ్లెక్సీ కూడా వేయించారు. విశ్వాస వీరుడు అని పెద్దక్షరాలతో."

"ఏ ఫొటో పెట్టారు? నీలం చొక్కాదా?"

"అదే."

"అందులో బాగుంటాను," అంటాడు, ఒక్క క్షణం మొహం విచ్చుకుంటుంది, అంతలోనే వాడిపోతుంది. "సలోమీ, షోరూంలో నా పరుపు మీద వేరేవాడు కూర్చున్నాడు. మనకి పిల్లలు లేరు. నా చొక్కాలు కూడా నువ్వు పంచిపెట్టేసుంటావు. నేనంటూ మిగిలింది ఆ ఒక్క సాక్ష్యంలోనే. అది కూడా పీకేస్తావా?"

ఈ మాట అంటాడేమోననే ఆమె ఇన్ని నెలలు భయపడింది. నిజం చెబితే తన పరువు పోతే పోతుంది, ఆమెకు ఆ పరువు మొదట్నుంచీ అరువు తెచ్చుకున్న నగలా బరువుగానే ఉంది. కానీ ఇతను ఒట్టి చీరలమ్మినవాడిగా బతికి, చివరి పద్నాలుగు నెలలు మాత్రం నలుగురూ చేతులు పట్టుకుని మాట్లాడే మనిషిగా బతికాడు. అది ఆమె కళ్ళారా చూసింది, చూసి సంతోషించింది. ఆ సంతోషం కోసమే సగం నోరు మూసుకుంది. ఆ మాట ఇప్పుడు అతనికి చెప్పాలనిపిస్తుంది, చెబితే ఇక మిగతాది చెప్పలేనని మింగేస్తుంది.

"మోహన్ వాళ్ళ యజమాని డబ్బిస్తానంటున్నాడండీ," అంటుంది. "మోహన్ వద్దంటున్నాడు."

"ఎందుకూ?"

"మీ పేరు చెప్పి. రత్నరాజన్న చావు ముందర పెట్టుకుని కూడా అడగలేదు, నేను పిల్ల కోసం అడిగితే నా మాటకి విలువేముంది అంటున్నాడు."

"నా పేరు చెప్పా?"

"మీ పేరు చెప్పే."

అతను కమ్మీ వదిలేసి నేల మీద కూలబడతాడు. కౌంటరు అద్దం వెనక దీపం ఉందో లేదో తెలియదు, అంతా మసకగా అయిపోతోంది, వరసలో మనుషులు చొక్కాల రంగులుగా మాత్రమే మిగిలారు. అతనేదో గొణుగుతున్నాడు, ఆమె వంగి వింటుంది. "ఆ పిల్ల నా స్కూటరు ముందు నిలబడి హారను కొట్టేది," అంటున్నాడు. అదే నాలుగుసార్లు అంటాడు. తర్వాత తలెత్తి ఆమెను చాలాసేపు చూస్తాడు, ఏడాదిగా వెతుకుతున్న మనిషిని చూసినట్టే చూస్తాడు.

"ఆయన కనబడితే ఏం చెప్పాలో అన్నీ అనుకుని పెట్టుకున్నా. మొత్తం బట్టీ పట్టాను. నీకెట్టా చెప్పనే అవన్నీ? ఇంట్లో మనిషికి ఎవరన్నా థాంక్సులు చెబుతారా?"

"చెప్పబాకండి. బయటికి దారి చెప్పండి చాలు."

"నాకూ తెలియదు. నేనూ లోపలే ఉన్నాను గదా," అని అతను లేచి నిలబడి, ఆమె ముందుకి ఎక్కణ్ణుంచో మైకు జరుపుతాడు. "ఇక్కణ్ణుంచే చెప్పు. నాకిప్పుడు చెప్పడానికి వీలు లేదు, వీలుంటే నేనే చెప్పేవాణ్ణి."

మైకు ముందు ఆమె నోరు తెరుస్తుంది. గాలి వస్తుంది గానీ మాట రాదు. కమ్మీలు చెరొక వైపు భుజాలకి ఆనుకున్నాయి, ఊపిరి అందడం లేదు, రంగులన్నీ దగ్గరికొచ్చేశాయి. "ముసుగేసుకోవేం?" అంటున్నాడు రత్నరాజు విసుగ్గా, ఇంట్లో ఆదివారం పూట బయల్దేరేటప్పటి విసుగే అది. "తల మీద కొంగు లేకుండా సాక్ష్యం చెబుతారటే ఎక్కడన్నా?" ఆమె చేతులు కొంగు కోసం తడుముకుంటాయి. భుజం మీద లేదు, నడుము దగ్గర లేదు, ఎంత లాగినా గుడ్డ వస్తూనే ఉంది గానీ దాని చివర మాత్రం దొరకడం లేదు. "ఉండు, నేనేస్తాను," అని అతను చెయ్యి చాపుతాడు.

సలోమికి మెలకువ వచ్చింది.

కళ్ళ ముందంతా ఎర్రగా, ఉక్కగా ఉంది. ఒక్క క్షణం ఇంకా అక్కడే ఉన్నాననుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. తర్వాత తెలిసింది, అది తన చీర కొంగే. నెత్తిమీంచి గడ్డం దాకా కప్పి ఉంది. పడుకున్నప్పుడు ఉక్కగా ఉందని కొంగు తీసి పక్కన పడేసుకుని పడుకున్నట్టు ఆమెకు బాగా గుర్తు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ సరిగ్గా దిండు మీదికి వచ్చి ఉంది. నిద్రలో మొహాన ఎండ పడుతుంటే తనే లాక్కుని ఉంటుంది. అలా అనుకుంది గానీ కొంగు తీయడానికి చెయ్యి రాలేదు, నుదుటి మీదికి మాత్రం జరుపుకుని లేచి కూర్చుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. సాక్ష్యం పీకెయ్యొద్దని అతను అడిగింది న్యాయమే అనిపించింది, తను చేయబోయేది దానికి అన్యాయమే అనిపించింది. ఆ రెండూ తేలేదాకా ఆగితే మంగళవారం దాటిపోతుంది.

చెప్పులేసుకుని నాలుగిళ్ళూ నడిచింది. కెజియా గుమ్మంలోనే కూర్చుని పిల్ల తల దువ్వుతోంది. సలోమి తల మీద ముసుగు చూసి దువ్వెన పక్కన పెట్టి, తనూ కొంగు సర్దుకుంటూ లేచింది.

"ప్రార్థనకొచ్చావా అక్కా? రా, లోపల కూర్చుందాం."

"ప్రార్థనకి కాదమ్మా. ఆ రోజు మూడింటికి ఎవరూ రాలేదు. డబ్బు కట్టింది నేను. ఒక కార్డు దాచుకున్నాను, దాంతో కట్టాను. రత్నరాజుగారికి తెలియదు, ఆయన చచ్చేదాకా తెలియదు. మీ ఆయన్ని పిలువు."

కెజియా పిలవలేదు. బ్లెస్సీయే సగం జడతో లోపలికి పరిగెత్తి నాన్నా అని కేకేసింది. మోహన్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చేదాకా ఆగి, సలోమి మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.